పెళ్లికూతురు ఖోన్ కేన్ అమ్మాయి: ముందు డబ్బు సంగతి, తర్వాత కాగితాలు

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. బ్యాంకాక్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వయసు 31. ఈశాన్య థాయ్‌లాండ్‌లోని ఖోన్ కేన్ అమ్మాయితో పెళ్లి అనుకుంటున్నాం. వాళ్లింట్లో 3 లక్షల బాత్‌లు, 3 బాత్‌ల బంగారం ‘సిన్‌సొట్’ ఇమ్మన్నారు. మా నాన్న ‘పిల్లను అమ్ముకుంటారా?’ అని కోపంగా ఉన్నారు. రిజిస్ట్రేషన్ ఇక్కడ చేయించుకోవాలా, ఇండియాలోనా? మామగారి స్థలంలో ఇల్లు కట్టమంటున్నారు, కట్టొచ్చా? రేపు పిల్లలు పుడితే ఏ దేశస్థులవుతారు? మా అమ్మ శాకాహారి, అక్కడికి పెళ్లికొచ్చి ఏం తింటుంది?

సమాధానం: మీరు అడిగిన వరసలో కాదు, ఆలస్యం చేస్తే ఏది ముందు చెడుతుందో ఆ వరసలో చెబుతాను. మొదటిది డబ్బు.

సిన్‌సొట్ అంటే పెళ్లికొడుకు తరఫువాళ్లు పెళ్లికూతురి తల్లిదండ్రులకిచ్చే సొమ్ము. ఇది చాటుమాటు బేరం కాదు. థాయ్ సివిల్ అండ్ కమర్షియల్ కోడ్ 1437వ సెక్షన్‌లోనే దాని ప్రస్తావన ఉంది. మీ నాన్నగారికి కట్నం ఎదురు దిక్కున నడుస్తున్నట్టు అనిపించడం సహజమే. మన దగ్గరా ఓలి (కన్యాశుల్కం) ఇచ్చి పిల్లను తెచ్చుకున్న కులాలు తక్కువేం కాదు, ఊళ్లో పెద్దవాళ్లనడిగితే చెబుతారు. పైగా ఈసాన్, అంటే ఈశాన్య థాయ్‌లాండ్ పల్లెల్లో అల్లుడు ఇల్లరికం వెళ్లడం పాత ఆచారం. చిన్నకూతురు అమ్మానాన్నల దగ్గరే ఉండిపోతుంది, ముసలితనంలో చూసుకుంటుంది, ఆ ఇల్లు ఆమెకే వస్తుంది. కూతురు బ్యాంకాక్‌లోనో హైదరాబాద్‌లోనో కాపురం పెడితే ఆ అండ పోయినట్టే కదా. ఈ కోణంలో చెబితే మీ నాన్నగారు కొంత మెత్తబడతారు.

మొత్తం ఎంత అన్న దగ్గరే చాలామంది ఆగిపోతారు. తేల్చుకోవాల్సినవి ఇంకో మూడున్నాయి. పెళ్లిలో అందరి ముందూ పెట్టి చూపించేది ఎంత? అందులో అత్తమామలు ఉంచుకునేది ఎంత, తిరిగి మీ ఇద్దరి చేతిలో పెట్టేది ఎంత? విందు, టెంట్లు, బాజాల ఖర్చు ఎవరిది? కొన్ని ఇళ్లలో ఊరివాళ్లకు చూపించి సాయంత్రానికి మొత్తం తిరిగిచ్చేస్తారు. కొందరు విందు ఖర్చు మినహాయించుకుంటారు. కొందరు అంతా ఉంచుకుంటారు. మూడూ మర్యాదైన పద్ధతులే. ఒకటనుకుని ఇంకోటి జరిగినప్పుడే గొడవ. పెళ్లిరోజు ఆ డబ్బును గుడ్డ పరిచి దాని మీద సర్దుతారు, పెద్దలు లెక్కపెడతారు, బియ్యం, నువ్వులు, పూలరేకులు చల్లుతారు. తర్వాత పెళ్లికూతురి తల్లి దాన్ని మూటగట్టి భుజానికెత్తుకుని ‘అబ్బో, ఎంత బరువో!’ అంటూ నడుస్తుంది. అది వేడుకలో భాగం, దురాశ కాదు. మీ వాళ్లకు ఈ ఘట్టం గురించి ముందే చెప్పి ఉంచండి.

ఈ మాటలు మీరు నేరుగా మామగారితో మాట్లాడకూడదు. అక్కడ పెళ్లికొడుకు తరఫున ‘థావ్ కే’ అని ఒక పెద్దమనిషి మాట్లాడతాడు, మన పెళ్లిపెద్దలాగే. మీ ఆఫీసులో పెద్ద వయసు థాయ్ సహోద్యోగి ఎవరైనా ఉంటే, ముఖ్యంగా ఈసాన్ మాట వచ్చినవారైతే, ఆయన్ని అడగండి. మీరు ఇవ్వగలిగినది నిజాయతీగా ఆయనకు చెప్పండి. 3 లక్షల బాత్‌లంటే మన డబ్బులో 8 లక్షల రూపాయల పైమాటే. అప్పు చేసి ఇస్తే ఆ వాయిదాలు పెళ్లయ్యాక మీ ఇద్దరి నెత్తినే పడతాయి. ఈ మాట అత్తారింటికి చేరాల్సిందే, అయితే థావ్ కే నోటి మీదుగా చేరాలి. అంత్యనిష్ఠూరం కన్నా ఆది నిష్ఠూరం మేలు.

చట్టపరంగా ఒక మెలిక ఉంది. సిన్‌సొట్ తల్లిదండ్రుల సొమ్ము. వాళ్లు దాన్ని కూతురికి తిరిగిస్తే అది ఆమెకొచ్చిన బహుమతి, అంటే ఆమె సొంత ఆస్తి. మీ ఉమ్మడి ఖాతాలో సగం మీదని లెక్కేసుకోకండి. నిశ్చితార్థంలో పెట్టే ఉంగరం, గొలుసు కూడా అంతే, అవి ఆమెవే.

బంగారం గురించి మీ ఇంట్లో తికమక పడే ఉంటారు. థాయ్‌లాండ్‌లో బాత్ అనేది తూకం కూడా. నగల్లో ఒక బాత్ అంటే 15.16 గ్రాములు, పది గ్రాముల తులం లెక్కన మన తులంన్నర. మూడు బాత్‌లంటే 45 గ్రాముల పైచిలుకు. అక్కడి నగ 96.5 శాతం స్వచ్ఛత, మనది 91.6. గుంటూరులో చేయించిన నగ తెచ్చి పళ్లెంలో పెడితే తూకం సరిపోయినా రంగు తేడా కొడుతుంది. రేపు అవసరానికి అమ్మబోతే అక్కడి కొట్టువాళ్లు సరైన ధర ఇవ్వరు. అందుకని బ్యాంకాక్ బంగారం కొట్ల వీధి యావొరాత్‌లోనో ఖోన్ కేన్‌లోనో కొని రసీదు దాచండి. అదే కొట్టుకు తిరిగి అమ్మితే ఆరోజు ధరకు తీసుకుంటారు. మన దగ్గరిలా తరుగు, మజూరీల పేరుతో పెద్దగా పోదు.

డబ్బు మాటల్లో ఆఖరిది నెలనెలా పంపేది. థాయ్ ఇళ్లలో సంపాదించే కూతురు అమ్మానాన్నలకు డబ్బు పంపకపోవడం తలవంపు. ఇది మీకు కొత్తగా చెప్పక్కర్లేదు, మీరూ ఇంటికి పంపుతూనే ఉంటారు. ఇద్దరూ కూర్చుని రెండు ఇళ్లకూ ఎంతెంత, ఏ తారీఖున అని కాగితం మీద వేసుకోండి. మీరు గుంటూరు పంపేది ఆమెకు తెలియకుండా ఖోన్ కేన్ పంపేది మాత్రం ప్రశ్నిస్తే న్యాయం కాదు. ఆసుపత్రి ఖర్చని ఫోన్ వస్తే కంగారుపడి పెద్ద మొత్తం పంపే ముందు ఒకటి గుర్తుంచుకోండి: ‘30 బాత్’ ఆరోగ్య పథకం కింద ప్రభుత్వాసుపత్రి వైద్యం వాళ్లకు దాదాపు ఉచితం. 60 దాటినవాళ్లకు నెలకు 600 బాత్‌ల నుంచి మొదలయ్యే వృద్ధాప్య భృతి కూడా ఉంది. అసలు భారం సాధారణంగా పొలం మీద తీసుకున్న బ్యాంకు అప్పు. అది ఎంతుందో పెళ్లికి ముందే అమ్మాయిని అడగండి. సాయం చేయాలనుకుంటే చేతికివ్వండి, హామీ సంతకం మాత్రం పెట్టకండి.

ఇక రిజిస్ట్రేషన్. మీరిద్దరూ థాయ్‌లాండ్‌లోనే ఉన్నారు, అక్కడే చేయించుకోండి. ఇండియాలో స్పెషల్ మ్యారేజ్ చట్టం కింద అయితే ఒకరు ఆ జిల్లాలో 30 రోజులు ఉండాలి, ఆపైన 30 రోజుల నోటీసు. ఉద్యోగాలు చేసుకునేవాళ్లకు కుదరదు. బ్యాంకాక్‌లో సుఖుంవిత్ సోయ్ 23లోని భారత ఎంబసీ నుంచి మీకు పెళ్లికాలేదన్న ధ్రువపత్రం తీసుకోవడంతో పని మొదలవుతుంది. దానికి ఇండియా నుంచి ఏ అఫిడవిట్లు కావాలో ఎంబసీలో జాబితా అడిగాకే ఇంటికి ఫోన్ చేయండి. లేకపోతే మీ నాన్నగారు నోటరీ చుట్టూ రెండుసార్లు తిరగాలి. ఆ పత్రాన్ని థాయ్‌లోకి అనువాదం చేయించి, చేంగ్ వత్తనాలో ఉన్న విదేశాంగ శాఖ కాన్సులర్ విభాగంలో ముద్ర వేయించాలి. తర్వాత దేశంలో ఏ జిల్లా కార్యాలయానికైనా వెళ్లొచ్చు. దాన్ని ‘అంఫో’ అంటారు, బ్యాంకాక్‌లో అయితే ‘ఖేత్’. మీ పాస్‌పోర్టు, ఆమె గుర్తింపు కార్డు, ఇంటి నమోదు పుస్తకం ‘తబియన్ బాన్’, ఇద్దరు సాక్షులు ఉంటే చాలు. మీకు థాయ్ రాకపోతే దుబాసీని తీసుకెళ్లండి. ఆఫీసులో చేయించుకుంటే రుసుము లేదు.

తెలుగువాళ్లకు తరచూ బెడిసికొట్టేది పేరు దగ్గర. మన పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందుంటుంది, కొందరికి ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, ‘వెంకట’ లాంటి మధ్యపేర్లు అతుక్కుని ఉంటాయి. అనువాదకుడు ఇంగ్లిష్ అక్షరాలు చూసి తనకు తోచిన థాయ్ స్పెల్లింగ్ రాస్తాడు. మీ వర్క్ పర్మిట్‌లో ఒకలా, పెళ్లి పత్రంలో ఇంకోలా పడిందంటే ఇమిగ్రేషన్‌లో, బ్యాంకులో, రేపు పిల్లల జనన పత్రంలో ప్రతిచోటా ‘ఈ ఇద్దరూ ఒకరేనా?’ అన్న ప్రశ్న వస్తుంది. అనువాదానికి ఇచ్చేటప్పుడే వర్క్ పర్మిట్ నకలు జతచేసి, అక్షరం తేడా లేకుండా అలాగే రాయమనండి. తేదీలూ చూసుకోండి. థాయ్ పత్రాల్లో బౌద్ధ శకం ఉంటుంది, మన లెక్కకు 543 ఎక్కువ. 2568 అంటే 2025. ఇంగ్లిష్ అనువాదంలో ఈ తీసివేత తప్పిన పత్రాలు లేకపోలేదు.

రిజిస్టరయ్యాక ‘కో రో 3’ అనే వివాహ ధ్రువపత్రం చెరొకటి ఇస్తారు. వివరాలన్నీ ఉండే నమోదు పత్రం ‘కో రో 2’. ఇమిగ్రేషన్ పనులకు దాని తాజా నకలు అడుగుతారు, అవసరమైనప్పుడల్లా తీసుకోవచ్చు. కో రో 3ని ఇంగ్లిష్‌లోకి మార్పించి, విదేశాంగ శాఖ ముద్ర వేయించి, మన ఎంబసీలో చూపించి మీ పాస్‌పోర్టులో భార్య పేరు ఎక్కించుకోండి. తర్వాత గుంటూరులో శాస్త్రోక్తంగా పెళ్లి చేసుకోండి, పదిమందికీ భోజనాలు పెట్టండి. రెండోసారి రిజిస్టర్ మాత్రం చేయించకండి. ఒకే జంటకు రెండు పెళ్లి తేదీలు పడితే వీసా, ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా కార్డు) దరఖాస్తుల్లో ఏది నిజమో సంజాయిషీ చెప్పుకుంటూ కూర్చోవాలి. ఏ ఫారంలోనైనా పెళ్లి తేదీ అంటే అంఫో తేదీయే రాయండి.

ఆమె ఇంటిపేరు మార్చుకోవాలన్న పట్టుదల ఎవరికీ వద్దు. చట్టం ఆమె ఇష్టానికే వదిలింది. మారిస్తే గుర్తింపు కార్డు, పాస్‌పోర్టు, బ్యాంకు, తబియన్ బాన్ అన్నీ మార్చాలి.

ఆస్తుల ఒప్పందం ఏదైనా రాసుకోవాలనుకుంటే అంఫోలో రిజిస్ట్రేషన్ రోజే నమోదు కావాలి. ఇద్దరూ, ఇద్దరు సాక్షులూ సంతకం చేయాలి. మర్నాడు రాసుకున్న ఒప్పందం చెల్లదు. ఒప్పందం లేకపోతే పెళ్లికి ముందున్నవి ఎవరివి వాళ్లవే, పెళ్లయ్యాక వచ్చే జీతాలు, కొన్నవి చెరిసగం. మీలాంటి ఇద్దరు ఉద్యోగులకు అది సబబుగానే ఉంటుంది. గుంటూరులో మీ పేర పొలం, ఉమ్మడి ఆస్తి లాంటివుంటే ఆ వివరం మాత్రం జాబితా రాసి పెట్టుకోవడం మంచిది.

ఇల్లు విషయంలో తొందరపడకండి. విదేశీయులకు అక్కడ భూమి కొనే హక్కు లేదు. భార్య కొనొచ్చు, అయితే ఆ డబ్బు ఆమె సొంతమేనని భూమి కార్యాలయంలో ఇద్దరూ సంతకం చేయాలి. ఆ సంతకంతో ఆ స్థలం మీద మీ లెక్క ముగిసినట్టే. మీ విషయంలో స్థలం మామగారిది. మొదట పట్టా చూడండి. ‘చనోట్’ అయితే పూర్తి యాజమాన్య హక్కు, పైన ఎర్రటి గరుడ ముద్ర ఉంటుంది. ఈసాన్‌లో చాలా పొలాలు ‘సో పో కో’ పట్టాలు, అంటే భూసంస్కరణల కింద వ్యవసాయానికిచ్చినవి. ఇవి వారసులకు వెళ్తాయి గానీ మామూలుగా అమ్మడానికి వీల్లేదు. అలాంటి చోట మీ పొదుపు పోసి మేడ కట్టకండి. చనోట్ అయితే, ఒకరి స్థలంలో ఇంకొకరు కట్టుకున్న ఇంటిపై కట్టినవాళ్లకే హక్కుండేలా రాసుకునే వీలుంది. 30 ఏళ్లకో, జీవితకాలానికో మామగారితో భూమి కార్యాలయంలో పట్టా వెనక నమోదు చేయించుకోండి. ఇది మామగారు యజమానిగా ఉండగానే చేయాలి. స్థలం భార్య పేరుకు మారాక మీరిద్దరూ రాసుకున్న ఒప్పందాన్ని అదే థాయ్ సివిల్ కోడ్ 1469వ సెక్షన్ ప్రకారం మీ ఇద్దరిలో ఎవరైనా రద్దు చేసుకోవచ్చు. ఇంటి ప్లాన్ అనుమతీ, సామాను బిల్లులూ మీ పేరునే ఉండాలి. సొంతంగా మీ పేర ఇల్లు కావాలంటే కాండో (అపార్ట్‌మెంట్ ఫ్లాట్) ఒక్కటే దారి. భవనంలోని ఫ్లాట్లన్నిటి మొత్తం విస్తీర్ణంలో 49 శాతం దాకా విదేశీయుల పేర ఉండొచ్చు.

వీసా ఇప్పుడే మార్చక్కర్లేదు. ఉద్యోగం ఉన్నన్నాళ్లు మీ నాన్-బి (ఉద్యోగ వీసా) చాలు. అయితే ఉద్యోగం పోతే దానితోపాటే ఉండే హక్కూ పోతుంది. అప్పుడు భార్య ఆధారంగా నాన్-ఓ (కుటుంబ వీసా) మీద ఏడాది పొడిగింపు అడగాలి. మీ ఒక్కరి పేరున్న థాయ్ ఖాతాలో 4 లక్షల బాత్‌లు దరఖాస్తుకు రెండు నెలల ముందునుంచీ ఉండాలి, లేదా నెలకు 40 వేల బాత్‌ల ఆదాయం చూపాలి. ఈ ‘రెండు నెలల ముందు’ దగ్గరే ఉద్యోగం పోయినవాళ్లు చిక్కుతారు. అందుకే సిన్‌సొట్ ఇచ్చాక ఖాతా ఖాళీ అయిపోకుండా చూసుకోండి. ఇంటి నంబరు కనపడేలా, ఇంట్లో ఇద్దరూ ఉన్న ఫొటోలు, దారి గీసిన పటం కూడా అడుగుతారు.

ఆమె ఇండియాలో కాపురానికి వస్తే మొదట ఎక్స్ వీసా. వీసా గడువు 180 రోజులు దాటితే దిగిన 14 రోజుల్లో ఎఫ్ఆర్ఆర్ఓలో (విదేశీయుల నమోదు కార్యాలయం) నమోదు కావాలి. ఆ వీసా మీద ఉద్యోగం చేయకూడదు. పెళ్లి రిజిస్టరై రెండేళ్లు నిండాక ఓసీఐకి దరఖాస్తు చేసుకోవచ్చు, దాంతో ఉద్యోగం చేయొచ్చు. హైదరాబాద్ మకాం ఆలోచన ఉంటే ఈ రెండేళ్లూ బ్యాంకాక్‌లోనే గడపడం తెలివైన పని.

పిల్లల సంగతి. తల్లి థాయ్ కాబట్టి బిడ్డ పుట్టుకతోనే థాయ్. అక్కడ పుడితే 15 రోజుల్లో జననం నమోదు చేయించాలి. మన 1955 పౌరసత్వ చట్టం ప్రకారం, విదేశంలో పుట్టిన బిడ్డ భారతీయుడు కావాలంటే ఏడాదిలోపు ఎంబసీలో నమోదు చేసి, ఇంకో దేశపు పాస్‌పోర్టు లేదని రాసివ్వాలి. థాయ్ పాస్‌పోర్టు తీసుకుని మన ఎంబసీలో లేదని రాసిస్తే అది అబద్ధపు ప్రకటనే. రెండు పాస్‌పోర్టులతో ఎవరో నెట్టుకొస్తున్నారని విని మీరు దిగకండి. థాయ్ పాస్‌పోర్టు, దాని మీద ఓసీఐ, ఇదే సాఫీగా నడిచేది. ఓసీఐతో ఓటు లేదు, వ్యవసాయ భూమి కొనకూడదు, మిగతా రాకపోకలకు ఇబ్బంది ఉండదు. మగపిల్లాడైతే ఒకటి తెలిసి ఉండాలి: థాయ్ యువకులు 21వ ఏట ఏప్రిల్‌లో సైన్యం లాటరీకి హాజరు కావాలి. ఎర్ర చీటీ వస్తే చేరాలి, నల్లదైతే ఇంటికి. హైస్కూల్‌లో మూడేళ్ల సైనిక శిక్షణ పూర్తిచేసినవాళ్లకు ఈ లాటరీ ఉండదు. అబ్బాయి అక్కడే చదివితే ఆ కోర్సు వదలనీయకండి.

ముహూర్తం పెట్టించేటప్పుడు రెండు పంచాంగాలూ చూడాలి. మనకు ఆషాఢం పెళ్లిళ్లకు పనికిరాదు. వాళ్లకు ఆషాఢ పౌర్ణమి మర్నాటి నుంచి మూడు నెలలు బౌద్ధ వర్షావాసం, చాలా ఇళ్లలో పెళ్లి పెట్టుకోరు. మన పురోహితుడు శ్రావణంలో దివ్యమైన ముహూర్తం ఉందంటే అది వాళ్లకు నప్పదు. మాఘ, ఫాల్గుణాలైతే ఇద్దరికీ సరే. ఖోన్ కేన్ వేడుక ఉదయమే. భిక్షువులు మధ్యాహ్నం దాటాక భోంచేయరు కాబట్టి అంతా పెందలాడే మొదలవుతుంది. మీ అమ్మగారు భిక్షువుకు నేరుగా చేతికి ఏమీ ఇవ్వకూడదు, ఆయన పరిచిన గుడ్డ మీద పెట్టాలి.

గుంటూరు పెళ్లిలో రెండు చోట్ల జాగ్రత్త. థాయ్‌లకు తల పవిత్రం, పాదాలు హీనం. జీలకర్ర బెల్లం తలమీద పెట్టడం, తలంబ్రాలు పోయడం ముందే వివరిస్తే సరదాగా తీసుకుంటారు. పెళ్లికూతురి తండ్రి అల్లుడి కాళ్లు కడగడం మాత్రం వాళ్లు చూడలేరు. ఈసాన్ పెళ్లిలోనూ అల్లుడి కాళ్లు కడుగుతారు గానీ, అరటాకు పరిచిన రాతి మీద నిలబెట్టి పెళ్లికూతురి తరఫు చిన్నవాళ్లు కడుగుతారు. పెద్దాయన వంగడం ఉండదు. కన్యాదానం మీ బంధువుల్లో ఒక దంపతుల చేత చేయించి, ధార పోసేటప్పుడు మామగారి చెయ్యి కూడా కలపమని పురోహితుడితో ముందే మాట్లాడుకోండి.

అమ్మగారి భోజనం. ఈసాన్ వంటలో చేప లేని గిన్నె దొరకడం కష్టం. బొప్పాయి సలాడ్‌లో ‘ప్లా రా’ అనే ఊరబెట్టిన చేప, ఆకుకూర వేపుడులో ఆయిస్టర్ సాస్, చారులో ఎముకల నీళ్లు. ‘మాంసం వద్దు’ అంటే ముక్కలు తీసి అదే వడ్డిస్తారు. ‘కిన్ జే’ అనండి, చేప సాస్, గుడ్డు, పాలు అన్నీ పోతాయి. వెల్లుల్లి, ఉల్లి కూడా పోతాయి, అది మీ అమ్మగారికి ఇంకా నయమేమో. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలున్న దుకాణాలు అవే. పెళ్లింట్లో మాత్రం కొత్త మూకుడు, కొత్త గరిటె కొని వేరుగా పెట్టించండి. కందిపప్పు, కరివేపాకు బ్యాంకాక్ ఫాహురాత్‌లో దొరుకుతాయి. పెళ్లివిందులో లాబ్ అనే పచ్చిమాంసపు వంటకం, పొద్దున్నుంచే సారా మామూలే. అమ్మగారిని ఆ పందిరికి దూరంగా, ఇంటి ఆడవాళ్లతో కూర్చోబెట్టండి. చేత్తో ముద్దలు చేసుకుని తినే జిగురన్నం మాత్రం ఆవిడకు నచ్చొచ్చు.

మీ అమ్మానాన్నలు థాయ్‌లాండ్‌లో దిగడానికి ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు నింపాలి. మామగారింట్లో దిగితే ఇంటివాళ్లు 24 గంటల్లో ఇమిగ్రేషన్‌కు తెలియజేయాలి. ఈ పని అమ్మాయికి అప్పగించండి. పెళ్లిలో కోడలు మీ పెద్దవాళ్లకు నేత బట్టలు, దిండ్లు ఇచ్చి నమస్కరిస్తుంది. రెండు చేతులతో అందుకుని, దీవించి, ఒక కవరులో డబ్బు పెట్టి ఇవ్వాలి. వచ్చే బంధువుల్లో పెద్దవాళ్లు ఎందరో లెక్కేసుకుని కవర్లు గుంటూరు నుంచే తెచ్చుకోమనండి.